పళ్లు తెల్లగా చేశానండీ

మా ఆవిడ పెద్దకర్మకు ఇంటి ముందు కట్టే ఫ్లెక్సీ, గోడకు తగిలించే పటం చేయించడానికి సెల్‌ఫోనులోని ఒక ఫొటో పట్టుకుని నేనూ మా అబ్బాయీ స్టూడియోకు వెళ్లాము. మరునాటి సాయంత్రం ఆ కుర్రవాడు కంప్యూటర్ తెరను మా వైపు తిప్పి, అడగకుండానే మేలు చేసినవాడి సంతోషంతో, "పళ్లు తెల్లగా చేశానండీ, దానికి వేరే డబ్బులేం తీసుకోను" అన్నాడు. తెర మీద ఒకామె నవ్వుతున్నది. చీర మా ఆవిడదే, బొట్టు ఆమెదే, చెవుల దుద్దులు నేను కొనిచ్చినవే. ఆ నవ్వుతున్న మనిషి మాత్రం ఎవరో నాకు తెలియలేదు.

పళ్లు మళ్లీ ఎప్పటిలా పెట్టమని అన్నాను. కుర్రవాడు నొచ్చుకున్నాడు. మా అబ్బాయి నన్ను పక్కకు తీసుకెళ్లి, "నాన్నా, అమ్మకు ఇట్టా ఉంటేనే ఇష్టం గదా. బతికినన్నాళ్లూ ఆ పళ్లు దాచుకునే బతికింది. పోయాకన్నా తెల్లగా ఉండనీయండి" అన్నాడు. వాడికి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే. అయితే రాయబోయేముందే ఒప్పుకుంటున్నాను, దీనిలో సగం వాడి పక్షానికే పోతుంది.

పరామర్శకు వచ్చినవాళ్లు నా గురించి ఒక మంచిమాట అన్నారు. నేను రూపం చూడకుండా మనసు చూసి చేసుకున్నానట. అది అబద్ధం. 1984లో కోవూరు నుంచి కావలి, కందుకూరు మీదుగా బస్సులు మారి, కనిగిరి దగ్గరి ఒక ఊరికి నేనూ, మా అమ్మా, మా మేనత్తా పెళ్లిచూపులకు వెళ్లాము. అమ్మాయిని చాప మీద కూర్చోబెట్టారు. మా మేనత్త ఆమెను పాట పాడమన్నది. అప్పట్లో నాకు తెలియదు గానీ, ఆ ప్రాంతంలో పాట పాడమని అడిగేది గొంతు వినడానికి కాదు, పళ్లు చూడటానికి. పుట్టినింటి వాళ్లకూ ఆ సంగతి తెలుసు, అడిగేవాళ్లకూ తెలుసు, పాడే పిల్లకు అందరికంటే బాగా తెలుసు. ఆమె సగం పాట పాడి, తల దించుకుని, చేత్తో నోరు మూసుకున్నది.

ఒంగోలు గిత్తల దేశం మాది. బండలాగుడు పోటీల్లో ఎడ్లను రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని విభాగాలు చేస్తారు. సంతలో ఎద్దును కొనేవాడు ముందుగా మూతి పైకెత్తి పళ్లు చూస్తాడు, వయసు తెలుసుకోవడానికి అది న్యాయమైన పనే. మేము ఆ రోజు చేసిన పని ఎద్దుల సంతలో చేసేదానికంటే తక్కువ నిజాయితీ గలది, ఎందుకంటే దానికి పాట అని పేరు పెట్టాము. తిరుగు బస్సులో మా అమ్మ, "పిల్ల బంగారం. ఆ పళ్లొకటే" అన్నది. మా మేనత్త ఆ పళ్లకు కూడా ఒక లెక్క కట్టింది. ముందు అనుకున్న కట్నం మీద ఇంకో అయిదు వేలు అడిగారు, వాళ్లు ఇచ్చారు. నేను కాదనలేదు. రూపం చూడకుండా చేసుకున్నానని నన్ను మెచ్చుకునేవాళ్లకు ఈ అయిదు వేల సంగతి తెలియదు.

ఆ పళ్లకు అలా ఎందుకు మచ్చలు వచ్చాయో నాకు తర్వాత ఉద్యోగరీత్యా తెలిసింది. పల్లెలకు మంచినీళ్లు అందించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, రాతినేలల అడుగున, నీళ్లు రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి వాటిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సహించవచ్చు అని మన దేశపు ప్రమాణం. అంతకు మించినవాటిని పిల్లలు తాగితే, చిగుళ్ల లోపల ఇంకా తయారవుతున్న పళ్ల పింగాణి సరిగా గట్టిపడదు. ఎనిమిదేళ్లు దాటాక అదే నీళ్లు తాగడం మొదలుపెట్టినవాడికి ముందు పళ్ల మీద ఈ మచ్చలు రావు. నేను పెన్నా కాలవ కింద పుట్టాను, ఆమె కనిగిరి బోరింగు కింద పుట్టింది. పెళ్లిచూపుల చాప మీద మా ఇద్దరి మధ్య ఉన్న తేడా అంతకంటే ఏమీ లేదు. అయినా చూసే హక్కు నాది, చూపించుకునే పని ఆమెది అయింది.

ఇది కొత్తగా బయటపడిన సంగతీ కాదు. పొదిలి, దర్శి, కనిగిరి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే అక్కడి రైతులు తమ ఎద్దుల కీళ్లు బిగుసుకుపోయి కాడి కింద నడవలేకపోవడం గమనించారు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లో నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు, గురించి వైద్య పత్రికలో రాశారు. ఈ దేశంలో ఆ జబ్బును గురించిన తొలి రాతలలో అది ఒకటి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంటే జిల్లా కంటే దాని జబ్బు వయసులో పెద్దది. ఆమె పుట్టేనాటికే కారణం తెలిసి పాతికేళ్లు దాటింది. మచ్చ ఆమె నోట్లో ఉన్నది గానీ, సిగ్గుపడవలసినవాళ్లు వేరే ఉన్నారు.

రూపం గురించి మాట్లాడుతున్నాను గనుక ఇంకొక మాట. ఫ్లోరైడు నీళ్లు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు, మరగబెట్టినా ఫ్లోరైడు పోదు. కొత్తగా వేసిన బోరులో నీళ్లు పడిన రోజు ఊరంతా చేరి ఆ తేటదనాన్ని చూసి మురిసిపోయేవాళ్లు. నేను గాజు గొట్టంలో కాసిని నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేసేవాణ్ని, గులాబీ రంగు పసుపు వైపు తిరిగేది. అలా తిరిగిన బోరింగు మూతికి, ఆ నీళ్లు తాగవద్దని గుర్తుగా, ఎర్ర రంగు పూయడం మా పని. పూసి ఇంటికి వచ్చిన ఒక సాయంత్రం ఆమె నా వేళ్లకు అంటిన రంగు చూసి, "బోరింగులన్నిటికీ పూసొస్తుండారు, నాకెప్పుడు పూస్తారు?" అన్నది. నేను నవ్వలేదు. ఆమె నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ చేతి గురించి చెప్పాలి. ఆమె నవ్వు పెదవుల మీద మొదలయ్యేది కాదు. ముందు భుజాలు కదిలేవి, తర్వాత కళ్ల కింద ముడతలు పడేవి, ఆ వెంటనే కుడిచెయ్యి పైకి లేచేది, గాజులు మణికట్టు నుంచి మోచేతి వైపు జారి గలగలమనేవి, అప్పుడు నవ్వు వచ్చేది. పెళ్లయిన కొత్తలో నాకు ఆ చెయ్యి కనిపించిందే తప్ప దాని వెనక నవ్వు కనిపించలేదు. కొన్నేళ్లకు చెయ్యి లేవకముందే భుజాలను బట్టి నవ్వు వస్తున్నదని తెలిసేది. వేసవిలో కరెంటు పోయిన ఒక రాత్రి, మేడ మీద పక్క వేసుకుని పడుకున్నప్పుడు, నేను ఏదో చెప్పాను. చిమ్మచీకటి. గాజులు గలగలమన్నాయి. ఆమె నవ్విందని నాకు తెలిసింది. తెలిసిన మరుక్షణమే ఇంకొకటి కూడా తెలిసింది, నన్ను నేను కూడా చూసుకోలేనంత చీకట్లో ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. మా పెళ్లయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బయటి అందం వేరు, లోపలి అందం వేరు, ఉత్తముడు బయటిదాన్ని దాటి లోపలిదాన్ని చూస్తాడు అనే మాట మీద నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. దాటి చూడటం అంటే, దాటవలసినదేదో అక్కడ ఉన్నదని ముందే తీర్పు చెప్పడం. "ఆమె పళ్లను నేను పట్టించుకోను" అనే మగవాడు తన ఉదారతను చాటుకుంటున్నాడు, ఆమె పళ్లు పట్టించుకోదగినంత వికారంగా ఉన్నాయని కూడా చాటుతున్నాడు. పైగా మనిషిని లోపల, బయట అని రెండుగా చీల్చితే ఆ చెయ్యి ఎటు పోతుంది? గాజుల చప్పుడు ఎటు పోతుంది? సిగ్గు మనసులో పుట్టింది, చెయ్యి ఒంట్లో ఉన్నది, ఆ రెండింటినీ విడదీసి చూపించగలవాడెవడో నాకు తెలియదు. నేను ఆమె పళ్లను దాటి చూడలేదు. ఏళ్లు గడిచిన కొద్దీ వాటిని చూడటం నేర్చుకున్నాను. పైవరస ముందు రెండు పళ్ల మీద సుద్ద రంగు చారలు, వాటికి అడ్డంగా బెల్లంపాకం రంగు గీతలు. పింగాణి పొరలు పొరలుగా ఏర్పడుతుంది గనుక మచ్చ కూడా ఆ వరసలోనే అడ్డంగా పడుతుంది. అంటే ఆమె పరికిణీ కట్టుకుని బిందె చంకన పెట్టుకున్న రోజుల్లో తాగిన నీళ్లు ఆ గీతల్లో ఉన్నాయి. నాకు తెలియని ఆమె బాల్యానికి నా దగ్గర ఉన్న ఆనవాలు అదొక్కటే. స్టూడియో కుర్రవాడు చెరిపింది దాన్ని.

అరణ్యపర్వంలో దమయంతి కథ ఉంది. కర్కోటకుడి కాటుకు నలుడు కురూపి అయ్యి, బాహుకుడన్న పేరుతో ఇంకొకరి రథం తోలుకుంటూ ఆమె పుట్టినింటికే వస్తాడు. రూపాన్ని చూడకుండా ప్రేమ గుర్తుపట్టిందని ఈ కథను చెప్పేవాళ్లు కథను సరిగా చదవలేదనుకుంటాను. దమయంతి ఎంత పట్టిపట్టి చూసింది! దాసి కేశినిని పంపి, అతడు నిప్పు ఎలా రాజేస్తున్నాడో, ఖాళీ కుండల్లోకి నీళ్లు ఎలా వస్తున్నాయో కనిపెట్టి రమ్మన్నది. అతడు వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. పిల్లలను అతడి దగ్గరకు పంపి, వాళ్లను చూసినప్పుడు అతడి ముఖం ఎలా మారిందో విన్నది. అందులో కళ్లు మూసుకున్నది ఎక్కడ? మనిషి చేతుల్లో, వంటలో, కన్నీళ్లలో ఆమె మనిషిని వెతికింది, అవన్నీ బయటివే. ఆ కథతో నాకు పేచీ ఒకచోట మాత్రం ఉంది. చివరకు నలుడికి పాత రూపం తిరిగి వస్తుంది. కథలు ఎప్పుడూ ఇంతే, గుర్తుపట్టినందుకు బహుమానంగా అందం ఇచ్చేస్తాయి. బాహుకుడు బాహుకుడిగానే ఉండిపోతే ఆ సంసారం ఎలా సాగేదో చెప్పేవాళ్లు లేరు.

ఇక మా అబ్బాయి పక్షానికి పోయే సగం.

1996లో ఒకరోజు ఆమె పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మని అడిగింది. పన్నెండేళ్లలో అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. ఒంగోలు వెళ్లాము. మచ్చ పైపైది కాదు, పింగాణిలోనే ఉన్నది, తోమితే పోదు, ముందు పళ్లకు క్యాపులు వేసి కప్పవచ్చు అని డాక్టరు చెప్పి, ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చాడు. నా రెండు నెలల జీతానికి కొంచెం తక్కువ. బయటకు వచ్చాక బస్టాండులో ఆమెతో, "నీకెందుకు ఇవన్నీ, నాకు నువ్వు ఇట్టానే బాగుండావు" అన్నాను. ఆ మాట నేను నిజంగానే అన్నాను, చీకట్లో గాజులు విన్నవాడిగా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పొదిలి దాకా బస్సు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నది. ఆ ఏడాదే నేను స్కూటరు కొన్నాను.

ఎన్నో ఏళ్ల తర్వాత, దేనిమీదో మాటా మాటా పెరిగినప్పుడు, ఆ బస్టాండు మాట ఆమె నోటి నుంచి వచ్చింది. "మీకు బాగుంటే సరిపోద్దా? పళ్లు మీ నోట్లో ఉండాయా, నా నోట్లో ఉండాయా?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నేను చూసిన అందం నా కళ్లకు సంబంధించినది. ఆమె మాత్రం ఆ నోటితో కిరాణా కొట్టుకు వెళ్లాలి, బడిలో పిల్లవాడి టీచరుతో మాట్లాడాలి, మా నెల్లూరు బంధువుల పెళ్లిళ్లలో వరసలో కూర్చుని తినాలి. ఒక్కడి కళ్లకు అందంగా ఉండటం నోరు మూసుకుని బతికే మనిషికి ఏపాటి సాయం? ప్రేమ పేరుతో రెండు నెలల జీతం మిగుల్చుకున్నానని ఇవాళ నాకు తెలుస్తున్నది. అయిదు వేలు ఆ పళ్ల పేరుతో తీసుకుని, వాటికోసం ఖర్చు పెట్టవలసివచ్చినప్పుడు అవి నాకు అందంగా కనిపించాయి. రూపం ముఖ్యం కాదని చెప్పే మగవాళ్లు, నాతో సహా, ఆ మాట ఏ సందర్భంలో చెబుతున్నామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

యాభై దాటాక ఎముకల్లోకి చేరిన ఫ్లోరైడు తన పని మొదలుపెట్టింది. మెడ బిగుసుకున్నది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగేది. కొత్తవాళ్లు గర్వం అనుకునేవాళ్లు. నాకు మాత్రం అలా మొత్తంగా నా వైపు తిరిగిన మనిషి ఇంకొకరు లేరు. అందులో ఆమెకున్న నొప్పి తెలిసే ఈ వాక్యం రాస్తున్నాను, మళ్లీ నేను నా కళ్ల గురించే మాట్లాడుతున్నానేమో అని అనుమానిస్తూనే రాస్తున్నాను.

2020లో అందరూ మాస్కులు కట్టుకున్నారు. లోకమంతా ఊపిరాడక తిట్టుకుంటుంటే ఆమె ఒక్కతే హాయిగా ఉన్నది. కూరగాయల బండి దగ్గర, పక్కింటి అరుగు మీద, రెండు చేతులూ దించుకుని భుజాలు అదిరేలా నవ్వేది. "ఈ గుడ్డముక్కేదో నా పెళ్లిచూపులప్పుడే వచ్చుంటే అయిదు వేలు మిగిలేవి మా నాయనకు" అన్నది ఒకరోజు. కట్నం పెంచిన సంగతి ఆమెకు తెలుసని నాకు ఆ రోజు దాకా తెలియదు. ముప్పై ఆరేళ్లు ఆ లెక్క ఆమె దగ్గరే ఉన్నది.

2023లో ఒక తెల్లవారుజామున ఆమె నిద్రలోనే పోయింది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. లేవలేదు, అంతే.

పటం కోసం వెతికితే మా ఇంట్లో ఉన్న ఆమె ఫొటోలన్నిటిలోనూ పెదవులు మూసే ఉన్నాయి. పెళ్లి ఆల్బములో, రేషను కార్డులో, ఆధారులో, అబ్బాయి పెళ్లిలో. ముప్పై తొమ్మిదేళ్లు నాతో కలిసి నవ్విన మనిషి నవ్వు ఒక్కచోటనే దొరికింది, 2022 సంక్రాంతికి మా మనవరాలు వాకిట్లో ముగ్గు పక్కన ఫోనుతో తీసిన ఫొటో. ఆ పిల్ల ఏదో అన్నట్టుంది, నానమ్మ ఇటు తిరిగింది, మనిషంతా తిరిగింది, నోరు తెరిచి నవ్వుతున్నది.

అబ్బాయితో చివరకు నేను చెప్పింది ఇది. అమ్మకు తెల్లటి పళ్లు కావలసి ఉండెను, నిజమే. అవి ఆమెకు 1996లో ఇవ్వవలసినవి, అప్పుడు ఇవ్వలేదు, నా తప్పు. ఆమె కొత్త పళ్లతో నవ్వి, అద్దంలో చూసుకుని, మళ్లీ నవ్వి ఉంటే, ఈ పటంలో ఆ పళ్లే ఉండేవి, నేనూ వాటినే చూడటం నేర్చుకునేవాణ్ని. ఇప్పుడు కంప్యూటర్‌లో పూసే తెలుపు ఆమెకు చేరదు. అది మన కళ్లకు చేసుకునే సౌకర్యం. పెద్దకర్మకు వచ్చేవాళ్ల ముందు మనకు చిన్నతనం లేకుండా చేస్తుంది, నా తప్పును కూడా ఆ తెలుపు కింద దాచేస్తుంది. వాడు కాసేపు ఆలోచించి, ఫ్లెక్సీకి పెళ్లి ఆల్బములోని ఫొటో ఇచ్చాడు, పెదవులు మూసుకున్నది. ఊరి ముందు అమ్మను ఆమె ఉండాలనుకున్నట్టే ఉంచుదాం అన్నాడు. అది సబబుగానే తోచింది. ఇంట్లో పటానికి సంక్రాంతి ఫొటోను, మచ్చలతో సహా, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించాము.

స్టూడియో కుర్రవాడు మొదటిసారి దాన్ని ముఖం వరకే కత్తిరించాడు. కింద మూలన ఏదో మసకగా అడ్డం వస్తున్నదని తీసేశాడట. అది కూడా ఉంచమని అడిగాను. పెద్ద పటంలో ఇప్పుడు అది తెలుస్తుంది. నాలుగు ఆకుపచ్చ గాజులు మోచేతి వైపు జారుతున్నాయి, కుడిచెయ్యి పైకి వస్తున్నది, పెదవుల దాకా ఇంకా జానెడు దూరం ఉన్నది.